తిక్కన సోమయాజి స్వప్నము

నెల్లూరు నగరమున పెన్నానది దక్షిణపు గట్టున తల్పగిరి రంగనాథస్వామి శేషతల్పముపై శయనించి యున్నాడు. ఊరివారు దానిని రంగనాయకుల గుడి యందురు. తిరుమలకు పోవు యాత్రికులు పలువురు నడుమ ఇచట దిగి స్వామిని సేవించి, నరసింహకొండ యెక్కి వేదగిరి లక్ష్మీనరసింహుని దర్శించి, పిదప దక్షిణమునకు సాగుదురు. ఎక్కడో నందికొండలలో పుట్టిన పెన్న ఇచటికి వచ్చుసరికి విశాలమై, ఇసుకమేటలు వేసికొని, తూర్పున సముద్రమున కలియును. ఈ గట్టుననే తెలుగు మహాభారతమున పదునైదు పర్వములు పుట్టినవని నెల్లూరివారి నమ్మకము. గుడికి వచ్చినవారు రేవులో కాళ్లు కడుగుకొనుచు ఆ మాట ఒకరికొకరు చెప్పుకొందురు. ఆ పర్వములను రచించినవాడు తిక్కన సోమయాజి.

నెల్లూరికి పూర్వనామము విక్రమసింహపురి. 13వ శతాబ్ది నడుమ తెలుగుచోడ వంశీయుడైన మనుమసిద్ధి దానిని రాజధానిగా చేసికొని పాలించుచుండెను. ఉత్తరమున ఓరుగల్లు కాకతీయులు, దక్షిణమున చోళులు, పాండ్యులు. నడుమ నున్నది చిన్న రాజ్యము. అయినను పెన్న క్రింద మాగాణి, తీరమున రేవులు, పడమటి వైపున పసులకు పచ్చికబయళ్లు ఉండుటచే దానిపై అందరి కన్ను నుండెను. అట్టి రాజ్యమున మంత్రిగా నుండుట సుఖముగా కూర్చుండి పద్యములు వ్రాసికొను ఉద్యోగము కాదు.

తిక్కన నియోగి బ్రాహ్మణుడు. తాత మంత్రి భాస్కరుడు గుంటూరికి ప్రభువై, మంత్రియై, కవియై పేరు గాంచెను. ఆయన కుమారులలో నొకడైన కొమ్మనకును అన్నమ్మకును తిక్కన జన్మించెను. పండితులు ఆయన జననమును 1205 ప్రాంతమున నుంచుదురు. పెన్నకు ఉత్తరపు ఒడ్డున కోవూరికి దగ్గరనున్న పాటూరు ఆ వంశమువారి ఊరని స్థానికులు చెప్పుదురు. ఇంట తాత కవి, పెదతండ్రులు రాచకార్యధురంధరులు, తండ్రి దండనాథుడు. ఇట్టి యింట పుట్టినవానికి కలము పట్టుట కష్టము కాదని తోచును. కాని పెద్దల కీర్తి అండయగునట్లే భారము కూడ నగును. తిక్కన తన మొదటి కావ్యపు పీఠికలో తాత పేరును తలచుకొని, ఆ మహిమచేతనే లోకము తన కవిత్వమును ఆదరించునని వినయముగా చెప్పుకొనెను. అది వినయమే కావచ్చును. అయినను అందు తాతనీడలో నిలిచిన యువకుని సంకోచము కూడ కొంత కనబడును.

ఆ మొదటి కావ్యము నిర్వచనోత్తర రామాయణము. ఉత్తరకాండ కథను ఒక్క వచనమైనను లేకుండ కేవలము పద్యములతో నడపుట అందలి నియమము. మనుమసిద్ధి తిక్కనను మామా యని వరుసపెట్టి పిలిచెడివాడు. మామయైన పక్షమున కావ్యకన్యకను తనకే ఈయవలెనని రాజు చమత్కారముగా కోరెననియు, తిక్కన కాదనలేక ఆ కృతిని అతని కంకితము చేసెననియు ఆ పీఠికవలననే తెలియుచున్నది. కావ్యమునకు పేరు వచ్చెను, రాజు సంతసించెను. కాని అందొక లోటు మిగిలెను. శ్రీరాముడు అవతారము చాలించు ఘట్టమును తిక్కన వ్రాయలేదు. ఆ నిర్యాణమును నోట పలుకుటకు ఆయనకు మనసు రాలేదని పెద్దలు చెప్పుదురు. తరువాతికాలమున జయంతి రామభట్టు అను కవి ఆ భాగమును పూరించెను. ఈ విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీనికి ముందు ముందు పని కలదు.

పిమ్మట కొన్నియేండ్లు కవిత్వమునకు అనుకూలములు కావు. ఖడ్గతిక్కన కథ నెల్లూరి సీమలో తెలియని ఇల్లు లేదు. అతడు తిక్కన పెదతండ్రి సిద్ధనకు కుమారుడు, మనుమసిద్ధికి సేనాని. వానలు లేక ఎండిన సీమనుండి కాటమరాజు తన పసులమందలను తోలుకొని నెల్లూరి బీళ్లకు వచ్చెను. పచ్చిక మేపినందుకు ఈయవలసిన పుల్లరి విషయమున మాటపట్టింపు వచ్చి, పాలేటి ఒడ్డున యుద్ధమయ్యెను. ఓడి ఇల్లు చేరిన ఖడ్గతిక్కనకు భార్య చానమ్మ స్నానమునకు నీళ్లు తోడి, మంచమడ్డు పెట్టి, ఆడువారికి వలె పసుపుముద్ద ఉంచెననియు, తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసి, పసులు కూడ విరిగినవని దెప్పెననియు కథ. అతడు ఆ మాట భరింపలేక మరల యుద్ధమునకు పోయి ప్రాణము విడిచెను. పసులకాపరుల గాథలు ఈ కథను నేటివరకు పాడుచు వచ్చినవి. గాథలలో కల్పన యెంతయున్నను, ఒకే వంశమున ఒకే పేరుగల యిద్దరిలో ఒకడు కత్తితో పోయెను, ఒకడు కలముతో మిగిలెను. మిగిలినవాని మనసునందు ఆ మరణము ఎట్లు నిలిచినదో ఆయన ఎక్కడను చెప్పుకొనలేదు. కాని భారతయుద్ధమున బంధువులు బంధువులచేత కూలు ఘట్టములను చదువువారికి, వ్రాసినవాడు పుస్తకములలో మాత్రమే యుద్ధము నెరిగినవాడు కాడని తోచకమానదు.

ఇంతలో జ్ఞాతులైన అక్కన, బయ్యనలు మనుమసిద్ధిని పదవినుండి తొలగించి రాజ్యమాక్రమించిరి. తిక్కన సహాయమర్థించుటకై ఓరుగల్లు పోయెను. అప్పుడు కాకతి గణపతిదేవుడు పాలించుచుండెను. 1199 నుండి 1262 వరకు ఏలిన ఆ చక్రవర్తి తిక్కనను గౌరవించి, భారతకథను విని, సేనను పంపి మనుమసిద్ధికి రాజ్యము తిరిగి ఇప్పించెనని సిద్ధేశ్వరచరిత్రము, సోమదేవరాజీయము తెలుపుచున్నవి. దూతగా పోయినవాడు రాజు ముందర ధనమును కాక భారతమును విప్పుట గమనింపదగినది. అన్నదమ్ముల బిడ్డలు రాజ్యమును హరించిన కథ ఆనాడు సభలో కూర్చున్నవారికి పురాణముగా వినిపించి యుండదు. అది నెల్లూరి సమాచారముగానే వినిపించి యుండును.

భారతమును తెనిగింపవలెనను కోరిక తిక్కనకు ఎప్పుడు కలిగినదో నిర్ణయించుట సాధ్యము కాదు. కాని ఆ కోరికకు అడ్డమైనవి ఏవో చెప్పవచ్చును. రాజమహేంద్రవరమున 1022 నుండి 1061 వరకు ఏలిన రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టారకుడు ఆ పని ప్రారంభించెను. ఆదిపర్వము, సభాపర్వము ముగించి, అరణ్యపర్వమును కొంతదూరము నడిపించెను. అంతటితో ఆ గ్రంథము ఆగిపోయెను. తరువాత రెండువందల యేండ్ల వరకు దానిని ఎవరును పూర్తి చేయలేదు. తెలుగున కవులు లేక కాదు. నన్నయ వంటివానికే అరణ్యములో దారి తెగినది, మన మెంతవారము అను జంకు ఒకటి. ఆ పర్వమును ముట్టినవానికి కీడు మూడునని లోకమున వ్యాపించిన భయ మింకొకటి. తెగిన కావ్యమును ముట్టుటకు జంకుట పాడుబడిన బావిని మరల త్రవ్వుటకు జంకుట వంటిది. అందు నీరున్నదని అందరికి తెలియును, దిగుటకు మాత్రము ఎవడును ముందుకు రాడు.

తిక్కన దానికొక ఉపాయము కనిపెట్టెను. నన్నయ విడిచిన చోటును తాకలేదు. విరాటపర్వమునుండి ప్రారంభించి కడవరకు పదునైదు పర్వములు తాను వ్రాయుటకు సంకల్పించెను. దీనిని భయమని కొందరందురు. పెద్దకవి సగము కట్టిన గోడపై తన రాయి పెట్టరాదను మర్యాద యని మరికొందరందురు. రెండును నిజమై యుండవచ్చును. భయము పూర్తిగా పోయిన పిమ్మటనే పని మొదలుపెట్టవలెనన్నచో ఈ భారతము నేటికిని పుట్టి యుండదు. పాండవులు పేర్లు మార్చుకొని, వేషములు మార్చుకొని, పరుల కొలువులో ఏడాది దాగియుండిన కథ విరాటపర్వము. తన ధైర్యమును తాను ఇంకను బయటపెట్టని కవికి ఆ తలుపు తగినదే.

మరియొక చిక్కు మిగిలెను. కృతిని ఎవరి కీయవలెను? రాజున కిచ్చుట ఆచారము. మొదటి కావ్యమును తానే అట్లిచ్చి యుండెను. కాని రాజ్యము ఒక్క పూటలో చేజారుట, మరల సేనలతో తిరిగివచ్చుట కన్నులార చూచిన మంత్రికి, పదునైదు పర్వముల గ్రంథమును ఒక సింహాసనమునకు కట్టివేయుట సరిపడలేదు కాబోలు. తగిన కృతిపతి కొఱకు ఆయన ఆలోచించుచుండెను.

అట్టి సమయమున తిక్కనకు కల వచ్చెను. ఈ వృత్తాంతమును ఆయనయే విరాటపర్వపు పీఠికలో చెప్పియున్నాడు. దివంగతుడైన తండ్రి కొమ్మన కలలో కనబడెను. తిక్కన మ్రొక్కెను. తండ్రి దీవించి, హరిహరనాథుడు తనను పంపెనని తెలిపెను. తిక్కన పూర్వము స్వామిపై సంస్కృతమున ఒక శ్లోకము చెప్పియుండెను. ఎముకలపేరు ఇష్టమా, కౌస్తుభము ఇష్టమా, కాలకూటము రుచియా, యశోద చనుబాలు రుచియా అని చనువుగా స్వామినే అడుగు శ్లోకమది. ఆ శ్లోకమునకు స్వామి సంతసించెనని తండ్రి చెప్పెను. పిమ్మట స్వామియే దర్శనమిచ్చి, భారతరచన విషయమున తిక్కనను ప్రోత్సహించెను. తన గ్రంథమునకు స్వామియే కృతిపతి కావలెనని తిక్కన వేడుకొనెను, స్వామి అంగీకరించెను. మేలుకొనునప్పటికి ఆయన సందేహము తీరియుండెను.

తండ్రి కనబడుట ఇచట ముఖ్యము. దేవుడు నేరుగా రావచ్చును. అయినను ముందు తండ్రి వచ్చెను. తాతల పేరు నిలుపగలనా అని జంకుచుండిన కుమారునకు, పైలోకమునుండి తండ్రి వచ్చి వ్రాయుమనుటకంటె ధైర్యమిచ్చునది మరియొకటి యుండదు.

వైష్ణవ గృహస్థులకు హరిహరనాథుడను పేరు కొంత వింతగా తోపవచ్చును. తిక్కన కాలమున శైవవైష్ణవ వివాదములు తీవ్రముగా నుండెను. ఒక తెగవారి మెడలోని గుర్తును చూచి మరియొక తెగవారు మొగము త్రిప్పుకొనుచుండిన రోజులవి. తిక్కన ఆ వాదములలో దిగలేదు. హరియు హరుడును ఒక్కటియైన పరతత్త్వమును ఇష్టదైవముగా గ్రహించి, పదునైదు పర్వములలో ప్రతి ఆశ్వాసమునకును మొదటను కడపటను ఆ స్వామినే సంబోధించెను. నిత్యము విష్ణుసహస్రనామము పఠించువారు ఆ నామములలోనే శర్వః, శివః, స్థాణుః అని వరుసగా పలుకుచున్నారు గదా. భీష్ముడు ధర్మరాజునకు ఆ స్తోత్రమును ఉపదేశించిన ఆనుశాసనికపర్వము తిక్కన తెనిగించిన వానిలోనిదే.

స్వప్నానంతరము పని నడచిన తీరు కూడ చెప్పదగినది. ఆయన యజ్ఞము చేసి సోమయాజి యయ్యెను. పిదప నియమముతో గ్రంథరచనకు కూర్చుండెను. కవి చెప్పుచుండగా వ్రాయువాడు కుమ్మరి గురునాథుడని ప్రతీతి. వారిద్దరి నడుమ ఒక పంతముండెనని పెద్దలు చెప్పుదురు. తడవుకొనకుండ చెప్పుట తిక్కన వంతు, తప్పినచో నాలుక కోసికొనవలెను. ఆగకుండ వ్రాయుట గురునాథుని వంతు, తప్పినచో చేయి నరకుకొనవలెను. శల్యపర్వమున, యుద్ధము ముగిసిన పిదప ఒంటరియైన దుర్యోధనుని దుర్దశను సంజయుడు ధృతరాష్ట్రునకు విన్నవించుచోట పద్యము నడుమ తిక్కనకు మాట తోచలేదు. తరువాత ఏమి చెప్పుదునని గురునాథునే పేరుపెట్టి అడిగెను. పిమ్మట పంతము జ్ఞప్తికి వచ్చి కత్తి తీసెను. గురునాథుడు ఆయన చేయి పట్టుకొని, పద్యము పూర్తియైనదనియు, తాను దానిని వ్రాసికొంటిననియు చెప్పెను. ధృతరాష్ట్రుడు కురువంశమునకు నాథుడు గదా. తెలుగు సంధిలో ద్రుతమునకు పిమ్మట కురునాథుడను మాటలోని మొదటి అక్షరము సరళమై గురునాథుడని మారును. లేఖకుని పిలిచిన పిలుపే సంజయుడు రాజును పిలిచిన పిలుపుగా పద్యమున ఒదిగిపోయెను. ఎంతటి దుఃఖమో, ఏమని చెప్పుదునను సంజయుని నిస్సహాయతయు అందే పలికెను.

ఈ కథ జరిగినదా లేదా యని వాదించువారున్నారు. జరుగకున్నను లోకము దీనిని ఊరక కల్పింపలేదు. మహాకవికి కూడ మాట ఆగునని, ఆగినచోట ప్రక్కనున్నవాడు చేయి పట్టుకొనవలెనని ఇందు తెలియుచున్నది. చక్రము త్రిప్పిన చేయి పట్టుకొనుటచేతనే సోమయాజి నాలుక నిలిచెను. గురునాథుని పేరు తలపక తిక్కన కథ చెప్పువారు నెల్లూరి సీమలో నేటికిని అరుదు.

భారతమున తిక్కన తన పాత నియమమును విడిచిపెట్టెను. నిర్వచనోత్తర రామాయణమున వచనము లేకుండుటయే ప్రతిజ్ఞ. భారతమున అవసరమైన చోట వచనమును వాడెను. యౌవనమున తన నేర్పు చూపుటకు ఒక కట్టుబాటు కావలసియుండెను. పెద్దపని తలకెత్తుకొన్న పిదప పనికి అక్కరకు వచ్చునదే కావలసివచ్చెను. భాషయు మారెను. ఇండ్లలో, కొలువుకూటములలో మాటలాడు తెలుగు పలుకులు పద్యములలోనికి వచ్చెను. కీచకుని ముందర ద్రౌపది, దూతగా పోవు శ్రీకృష్ణునితో తన వెండ్రుకలను చూపి మాటలాడు ద్రౌపది, శాంతి కోరుచునే పౌరుషము విడువని ధర్మరాజు, వీరందరు మన యెదుట నిలిచి మాటలాడునట్లుందురు. రాయబారఘట్టమును వ్రాసినవాడు స్వయముగా రాయబారి. ఓరుగల్లు దర్బారులో ఏ మాటకు ముందు ఏ మాట చెప్పవలెనో, ఎచట మౌనము మేలో అనుభవముతో నేర్చినవాడు. ఉద్యోగపర్వమునకు ఆ బలము అచటినుండి వచ్చినదే.

భగవద్గీతను మాత్రము ఆయన మిక్కిలి సంగ్రహించెను. భక్తులకు ఇది కొరతగా తోచును. తోచుటలో తప్పు లేదు. ఇరుసేనలు నిలిచియుండగా కథ నడక ఆగకుండవలెనని ఆయన తలచియుండునని పలువురి ఊహ. ఏమైనను ఈ సంక్షేపము తెలుగు పాఠకుని గీతకు దూరము చేసినదనుటయు, కథకు దగ్గర చేసినదనుటయు రెండును సత్యములే.

ఇక మౌసలపర్వము. నిర్వచనోత్తర రామాయణమున శ్రీరాముని నిర్యాణమును వ్రాయలేక కలము దించిన కవి ఇచట యాదవుల వినాశమును, శ్రీకృష్ణుడు అవతారము చాలించుటను వ్రాసెను. ఏ ఘట్టమునకు మునుపు చేయి ఆడలేదో అట్టి ఘట్టమునే ఇప్పుడు హరిహరనాథుని సంబోధించి చెప్పెను. నడుమ ఎన్నియేండ్లు గడచెనో, ఎందరు ఆప్తులు పోయిరో. రాజునకు చెప్పు కథలో మంగళముకొఱకు దాటవేసిన దానిని స్వామికి చెప్పు కథలో దాటవేయుట కుదరలేదు. వినువాడే ఆ వెడలిపోయినవాడు గదా. తరువాత మహాప్రస్థానికమును, స్వర్గారోహణమును చెప్పి గ్రంథము ముగించెను.

తిక్కన 1288 ప్రాంతమున పరమపదించెనని చెప్పుదురు. ఆయన జీవించియుండగానే కేతన తన దశకుమారచరిత్రమును ఆయనకు అంకితమిచ్చెను. దేవునికి కృతి యిచ్చిన కవి తాను కృతిపతి యగుట విశేషము. ఆ కేతనయే ఆంధ్రభాషాభూషణమను పేర తెలుగున తెలుగునకు వ్యాకరణము వ్రాసెను. శిష్యుడు మారన మార్కండేయపురాణమును తెనిగించెను. కవిబ్రహ్మ యని, ఉభయకవిమిత్రుడని తిక్కనకు బిరుదులు స్థిరపడెను.

అరణ్యపర్వమున నన్నయ విడిచిన భాగము మాత్రము ఇంకను అట్లే యుండెను. 14వ శతాబ్దిలో అద్దంకి ప్రభువు ప్రోలయ వేమారెడ్డి ఆస్థానమున నున్న ఎఱ్ఱాప్రగడ దానిని చేపట్టెను. ఆయనకును ఒక కల కలదు. నృసింహపురాణమును రచించి అహోబలస్వామికి అంకితమిచ్చుటకు పూర్వము, తాత ఎఱ్ఱపోతసూరి కలలో కనబడి వ్రాయుమని ఆజ్ఞాపించినట్లు ఆయన చెప్పుకొనెను. అరణ్యపర్వశేషమును మాత్రము ఆయన తన పేర వ్రాయలేదు. నన్నయయే వ్రాసినట్లు, రాజరాజనరేంద్రునకే చెప్పుచున్నట్లు పూరించి, రెండువైపుల గట్టులను కలిపివేసెను.